రేటు దిగే తారీఖు

గార్ల చుట్టుపక్కల తండాల్లో బానోతు చత్రుకు ఒక పేరుండేది. మిర్చి బాగా పండిస్తాడని కాదు. పండించడంలో ఆయనను మించినవాళ్లు సొంత తండాలోనే నలుగురున్నారు. చత్రుకు పేరు తెచ్చింది అమ్మడం. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, అమ్మకుండా ఆగడం. కల్లంలో కాయ ఎండీ ఎండగానే అందరూ బస్తాలు కుట్టుకుని మార్కెట్‌కు పరిగెత్తితే, ఈయన తన బస్తాలను కోల్డ్ స్టోరేజీలో పెట్టించి, రసీదు మడిచి జేబులో వేసుకుని, ఏమీ ఎరగనట్టు తిరిగేవాడు. మూడు నెలలకో ఆరు నెలలకో ఒక పొద్దున లేచి "ఇయ్యాల పోదాం" అనేవాడు. ఆయన మాట విని వెంట పోయినవాళ్లకు నాలుగు డబ్బులు ఎక్కువే వచ్చేవి. ఎట్లా తెలుస్తుందని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. చెప్పడానికి ఆయనకు మాత్రం ఏం తెలుసు గనక. నాలుగుసార్లు కలిసొచ్చింది, ఐదోసారికి అది విద్య అయి కూర్చుంది.

ఆ విద్యలో ఇంకో సగం కూడా ఉంది. మార్కెట్ యార్డులో కాలు పెట్టాక అవసరం ఉన్నట్టు కనపడకూడదు. బిడ్డ ఫీజు కట్టాలన్న తొందర ముఖంలో కనిపించిందా, వ్యాపారి క్వింటాలుకు రెండు వందలు తగ్గించి అడుగుతాడు. అందుకని ఎవరేం అడిగినా చత్రు దగ్గర ఒకటే జవాబు. "తొందరేం లేదు, ఇంట్ల ఉన్నయి." పైసలున్నయా అంటే ఉన్నయి. గింజలున్నయా అంటే ఉన్నయి. ముప్పై ఏళ్లు అలా అనీ అనీ, లేవు అనే మాటే ఆయన నోటికి రాకుండా పోయింది. అది మర్యాదగా బతకడమేనని ఆయన అనుకునేవాడు. నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నాను.

ఆయన భార్య మోతీబాయికి నలభై ఏడేళ్లు. ఐదేళ్ల కిందట నాలుగడుగులు వేస్తే ఆయాసం వచ్చి కూలబడుతుంటే దవాఖానకు తీసుకుపోయారు. గుండెలో ఒక కవాటం పాడైందన్నారు. ఆరోగ్యశ్రీ కార్డు మీద హైదరాబాద్‌లో ఆపరేషన్ జరిగింది. పాడైనదాన్ని తీసేసి లోహంతో చేసిన కవాటం పెట్టారు. పక్కన కూర్చుని చెవి పెడితే టిక్కు టిక్కుమని సన్నగా వినిపించేది. గడియారం మింగినదని చత్రు ఆమెను ఆటపట్టించేవాడు. ఆమె కూడా తక్కువ తినలేదు. "గడియారం నాకున్నది, టైము చూసుడు నీకే రాదు" అనేది. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది లంబాడీలోనే. మనకోసం తెలుగులో చెప్పుకుంటున్నాం.

ఇంటికి పంపేరోజు డాక్టరు ఒక మాట గట్టిగా చెప్పాడు. రక్తం గడ్డకట్టకుండా చూసే మాత్ర ఒకటుంది, బతికినన్నాళ్లు వేసుకోవాలి, ఒక్కరోజు కూడా తప్పకూడదు అని. ఏడాదిపాటు మందులు ఊరికే వచ్చాయి. ఆ తర్వాత గార్లలో కనకయ్య మెడికల్ షాపులో కొనుక్కోవడమే. ఆ మాత్ర, దానికి తోడు మరి మూడు, కలిపి నెలకు పదకొండు వందలు. చత్రు పిసినారి కాడు. ఈ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే ఆయనకు అన్యాయం చేసినవాళ్లమవుతాం. నాలుగేళ్లలో ఒక్క నెల తప్పలేదు. పత్తి ఏరే కూలీలకు బాకీపెట్టాడు గానీ గోళీలకు పెట్టలేదు.

ఇప్పుడు రెండువేల ఇరవై ఐదు సంగతికి వద్దాం. ఆ ఏడు మిర్చి రేటు పడిపోయింది. పడ్డది పడ్డట్టే ఉండిపోయింది. ఆగుదామని చత్రు అన్నాడు గనక తండాలో సగం మంది ఆగారు. నెలలు గడిచాయి. కోల్డ్ స్టోరేజీ కిరాయి పెరిగింది గానీ రేటు పెరగలేదు. చివరికి ఎండలకాలం దాటాక అందరూ ముక్కుతూ మూలుగుతూ వచ్చినకాడికి అమ్ముకున్నారు. ఎవరూ చత్రును ఒక్క మాట అనలేదు. అదే ఆయనకు కొట్టినట్టయింది. రోజూ పొద్దున వచ్చి అరుగు మీద కూర్చుని చాయ్ తాగే సోమ్లా రావడం మానేశాడు. సోమ్లా ఇంటి ముందు నుంచి పోవలసి వస్తే చత్రు చుట్టూ తిరిగి చెలక గట్టు మీద నుంచి పోయేవాడు. మోతీబాయి ఇది చూసింది. చూసి, చూడనట్టు ఊరుకుంది.

సెప్టెంబరు మొదటి గురువారం చత్రు మాత్రల చీటీ పట్టుకుని గార్లకు పోయాడు. హోటల్లో చాయ్ తాగుతుంటే టీవీలో చెబుతున్నారు. జీఎస్టీ తగ్గించారు, మందుల మీద పన్నెండు శాతం ఉన్న పన్ను ఐదుకు వస్తుంది, ఈ నెల ఇరవై రెండు నుంచి అమలు. హోటల్లో ఉన్నవాళ్లు దాన్ని ఎవరికి తోచినట్టు వాళ్లు పెంచారు. ఒకాయన సగానికి సగం దిగుతాయన్నాడు. చత్రు గ్లాసు పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు. ఆయన జీవితంలో రేటు మారే తారీఖు ముందుగా తెలియడం అదే మొదటిసారి. ముప్పై ఏళ్లు ఊహించీ, లెక్కలు కట్టీ, భయపడీ తెలుసుకోవలసింది ఇప్పుడు సర్కారే స్వయంగా పిలిచి చెబుతోంది. ఇట్లాంటిది దొరికాక పాత రేటుకు కొనడం ఎట్లా. రేపు దిగుతుందని తెలిసీ ఇవాళ కొన్నవాడిని మార్కెట్‌లో ఏమంటారో ఆయనకు తెలుసు. ఆయన స్వయంగా అట్లాంటివాళ్లను చాలాసార్లు అన్నాడు.

కనకయ్య షాపులో ఆ పొద్దున ఎవరూ లేరు. అరవై దాటిన మనిషి, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని పేపరు చదువుకుంటున్నాడు.

"కనకయ్య సేటు, గోళీల మీద పన్ను తగ్గుతదంటున్నరు. నిజమేనా?" అన్నాడు చత్రు.

"నిజమే. ఇరవై రెండు సంది."

"అంటే ఇయ్యాల తీస్కుంటే పాత రేటేనా?"

"ఇయ్యాల పాత రేటే గద మరి. మనం జేసేదేముంది. మోతీబాయి గోళీలియ్యాల్నా?"

చత్రు జేబులోంచి చీటీ సగం తీసి మళ్లీ లోపలికి తోశాడు. "ఏం వద్దు, ఉత్తగనే అడిగిన" అన్నాడు.

కనకయ్య కళ్లజోడు పైనుంచి చూశాడు. "గవి ఆపే గోళీలు కావు చత్రన్న. ఇంట్ల ఉన్నయా మరి?"

"ఉన్నయి."

ఇంట్లో ఉన్నవి ఐదు.

మోతీబాయి ఆయన ఖాళీ చేతులు చూసి అడిగింది. చత్రు విషయం చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన ముఖంలో ఎన్నో నెలల తర్వాత కాస్త కళ వచ్చింది.

"పద్దెనిమిది రోజులు ఓపిక పడితే అయిపాయె. గప్పటిదాంక ఉన్నయి రోజు ఇడిచి రోజు ఏస్కో."

"డాక్టరు సారు ఒక్క రోజు గూడ తప్పొద్దన్నడు గదనయ్యా."

"ఐదేండ్ల సంది ఏస్కుంటున్నవు. మందు ఒంట్లకు బాగనే పట్టి ఉంటది. పద్దెనిమిది రోజులకే ఏం గాదు."

వేరే ఏడు అయితే ఆమె పోట్లాడేది. నోరున్న మనిషి. కానీ ఆ ముఖంలో కళ చూసింది. గట్టు మీద నుంచి తలవంచుకుని పోయే మొగుడు ఇన్నాళ్లకు ఒక సంగతి తనకు తెలుసన్నట్టు మాట్లాడుతున్నాడు. సరే అన్నది. ఆమె చేసిన తప్పు ఏదైనా ఉంటే అదొక్కటే.

వాళ్ల బిడ్డ దీప మహబూబాబాద్‌లో నర్సింగు చదువుతోంది. అక్కడే హాస్టల్లో ఉంటుంది. రెండురోజులకోసారి ఫోన్ చేస్తుంది, చేసినప్పుడల్లా మొదటి ప్రశ్న గోళీలదే. "ఏస్కుంటున్నవా యాడీ?" అంటుంది. యాడి అంటే వాళ్లలో అమ్మ. ఆ మూడువారాల్లో ఫోన్ వచ్చిన ప్రతిసారీ చత్రు పక్కనే మంచం మీద కూర్చుని ఉన్నాడు. మోతీబాయి ఆయన వైపు ఒకసారి చూసి "ఏస్కుంటున్న బిడ్డా" అనేది. పదమూడో తారీఖు నాటికి ఆ ఐదూ కూడా అయిపోయాయి. ఒంట్లో ఏం తేడా లేదు. ఒకరోజు ఇంకా తేలికగా ఉన్నట్టుందని కూడా అన్నది. ఆ మాత్ర వల్ల చిన్న దెబ్బ తగిలినా చేతులు కమిలి నల్లబడేవి, ఇప్పుడు అట్లా కావడం లేదు. చూసినవా, అన్నాడు చత్రు.

ఇరవై రెండు సోమవారం వచ్చింది. చత్రు పొద్దున్నే ఆటో ఎక్కి, షాపు తెరవకముందే వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. కనకయ్య వచ్చి షట్టరు ఎత్తి, చీటీ చూసి, అరలన్నీ వెతికాడు. మిగతా మూడు మాత్రలు ఉన్నాయి. అసలుదే లేదు.

"అయిపోయింది చత్రన్న. రేటు దిగుతదని తెల్సినంక మేం గూడ మాల్ దింపుకోలే. పాత రేటుకు కొని కొత్త రేటుకు అమ్మితె మునుగుతం గద. ఆర్డరు పెట్టిన, బుధారం వస్తది." అని, చీటీ తిరిగి ఇస్తూ అడిగాడు. "గప్పటిదాంక నడుస్తయి గద? ఇంట్ల ఉన్నయంటివి."

ఇక్కడ కథ ఆపి చత్రు భుజం పట్టి ఊపాలనిపిస్తుంది నాకు. లేవు అని ఒక్క ముక్క అంటే చాలు. కనకయ్య అప్పటికప్పుడు మహబూబాబాద్‌కు ఫోన్ చేసి, తెలిసిన షాపులో ఒక పట్టీ తీయించి, మధ్యాహ్నం రైలుకు వచ్చే ఎవరి చేతికో ఇప్పించేవాడు. వేరేవాళ్లకు అట్లా తెప్పించినవాడే. కానీ తొమ్మిది రోజులుగా పెళ్లానికి మాత్రలు లేవని ఒప్పుకోవాలంటే, అంతకుముందు ఉన్నయన్నది అబద్ధమని ఒప్పుకోవాలి. అంతకంటే ముఖ్యంగా, అవసరం ఉందని ఒక దుకాణదారు ఎదుట ఒప్పుకోవాలి.

"నడుస్తయి" అన్నాడు చత్రు.

మహబూబాబాద్ పోయి తనే తెచ్చుకుందామని అనుకోకపోలేదు. స్టేషను వైపు నాలుగడుగులు వేశాడు కూడా. అంతలో యూరియా లారీ వచ్చిందని తెలిసింది. ఆ వానాకాలమంతా యూరియా కోసం జనం అల్లాడారు, పట్టా పుస్తకాలు పట్టుకుని తెల్లారి నుంచి లైన్లలో నిలబడ్డారు. మక్క చేను ఎర్రబడుతోంది. చత్రు పోయి లైన్లో నిలబడ్డాడు. సాయంత్రానికి బస్తా దొరకలేదు, రేపు రమ్మన్నారు. మంగళవారం మళ్లీ పోయాడు. చెప్పులు వరుసలో వదిలి చెట్టు నీడన కూర్చున్నాడు. పది గంటలప్పుడు ఫోన్ మోగింది. సోమ్లా. ఎన్నో నెలల తర్వాత ఆ గొంతు.

"చత్రూ, జల్ది రా. ఒదినె పడిపోయింది."

పెసర్లు చెరుగుతూ కూర్చున్న మోతీబాయి చేతిలోంచి చాట కుడివైపుకు ఒరిగిపోయిందట. వంగి ఎత్తబోతే చెయ్యి లేవలేదు. పక్కింటివాళ్లు పలకరిస్తే నోరు ఒకవైపుకు పోయి ఉంది, మాట లేదు. చత్రు వచ్చేసరికి 108 వచ్చి ఉంది. మహబూబాబాద్‌లో చూసి వరంగల్‌కు పంపారు. దీప అక్కడే అంబులెన్సు ఎక్కింది. గుండెలోని కవాటం మీద రక్తం గడ్డకట్టి, ఆ ముక్క మెదడుకు పోయిందని స్కానింగులో తేలింది.

వరంగల్‌లో డాక్టరమ్మ కాగితాలు చూస్తూ అడిగింది. "రక్తం పలుచగా ఉంచే మాత్ర ఆపేశారా?"

"లేదు మేడం, రోజూ ఏస్కుంటది. నేను ఫోన్ల అడుగుతనే ఉంట" అన్నది దీప.

"లేదమ్మా. రక్తపరీక్షలో మాత్ర జాడే లేదు. వారం పైనే అయి ఉంటుంది."

దీప తండ్రి వైపు తిరిగింది. "బాపూ, యాడి గోళీలు ఏస్కుంటలేదా?"

ఆ వరండాలో నిలబడి చత్రు నిజంగానే నోరు తెరిచాడు. చెప్పేద్దామనే తెరిచాడు. బయటికి వచ్చింది వేరే మాట.

"నాకేం ఎరుక బిడ్డా. ఏస్కుంటున్న అనే అన్నది గద."

అందులో రెండో ముక్క అబద్ధమని అనలేం. ఆమె అట్లా అన్న మాట నిజమే. డాక్టరమ్మ కాగితం మీద ఏదో రాసుకుంది. పేషెంటు తనంతట తానే మాత్రలు మానేసినట్టు రాసుకుందని దీప తర్వాత చెప్పింది.

పదిరోజులకు ఇంటికి తెచ్చారు. బతుకమ్మ పండుగ అయిపోయింది, దసరా దాటింది. మోతీబాయికి కుడిచెయ్యి, కుడికాలు లేవవు. అన్నీ అర్థమవుతాయి, మాట మాత్రం రాదు. నోరు తెరుస్తుంది, గొంతులో ఏదో కదులుతుంది, అక్కడే ఆగిపోతుంది. దీప చదువుకు సెలవు పెట్టి వచ్చి కూర్చుంది. అమ్మకు స్నానం చేయించడం, ముద్ద కలిపి పెట్టడం, చేతికి కాలికి కసరత్తు చేయించడం అన్నీ తనే. చేస్తూ చేస్తూ తిట్టేది. "నీ పానం నీకు అక్కెర లేదానే. నాకు అబద్ధం చెప్తవా. ఒక్క మాట చెప్తే నేను తెచ్చేదాన్ని గద." తిట్టి ఏడ్చేది. మోతీబాయి వినేది. తండాలో ఆడవాళ్లు చూడవచ్చి, ఆమె ముఖం మీదనే అనేవాళ్లు, ఇంత అజాగ్రత్త ఏందమ్మా అని. మాట రానివాళ్లకు వినిపించదనుకుంటారో ఏమో. సోమ్లా మళ్లీ వచ్చి అరుగు మీద కూర్చోవడం మొదలుపెట్టాడు. చత్రు మీద జాలిపడి.

కనకయ్య మాత్రలు కట్టి ఇస్తూ ఓదార్చాడు. "ఆడోళ్లు గంతే చత్రన్న. అందరి సంగతి జూస్తరు గని తమ సంగతి జూస్కోరు." చత్రు తలూపాడు. బిల్లు చూశాడు. పాత బిల్లుకూ దీనికీ తేడా డెబ్బై రూపాయలు కూడా నిండలేదు. చాలాసేపు ఆ కాగితం వైపు చూస్తూ నిలబడితే, తప్పు పడిందేమోనని కనకయ్య మళ్లీ కూడి చూపించాడు.

ఆరు నెలల్లోపల మాట కొంచెం కొంచెం రావచ్చని వరంగల్‌లో చెప్పారు. దీప అదే ఆశ పట్టుకుని ఉంది. రోజూ పొద్దున అమ్మ ముందు కూర్చుని, నీళ్లు, ఆవు, బువ్వ అని ఒక్కొక్కటే పలికించబోయేది. చత్రు దూరం నుంచి చూసేవాడు. మోతీబాయి పెదాలు కదిలినప్పుడల్లా లేచి బయటికి పోయేవాడు. ఒకరోజు చేనులో కలుపు తీయిస్తూ, ఈ మాట రాకపోతేనే బాగుండునని తాను అనుకుంటున్నట్టు తెలిసింది ఆయనకు. తెలిసి, గట్టు మీద కూలబడిపోయాడు. ఇరవై ఆరేళ్లు కాపురం చేసిన మనిషి మూగదిగానే ఉండిపోవాలని కోరుకునేకాడికి వచ్చాడు. చచ్చిపోవడం ఇంతకంటే మేలనిపించింది. అయినా ఇంటికి పోయి చెప్పలేదు. మర్నాడు చెబుదామనుకున్నాడు. అట్లా జనవరి వచ్చింది.

జనవరిలో ఒక మధ్యాహ్నం దీప మాత్రల కోసం తనే గార్లకు పోయి వచ్చింది. వచ్చినప్పటి నుంచి ముఖం ఒకలా ఉంది. చత్రు అరుగు మీద కూర్చుని మిర్చి తాలు కాయలు వేరు చేస్తున్నాడు. లోపల నుంచి దీప గొంతు స్పష్టంగా వినపడుతోంది.

"యాడీ, జర నా దిక్కు చూడు. కనకయ్య తాత ఒక మాట జెప్పిండు. సెప్టెంబర్ల బాపు షాపుకు వచ్చిండంట. పన్ను తగ్గుతదా అని అడిగిండంట. గోళీలు తీస్కపోలేదంట." మంచం కిర్రుమన్న చప్పుడైంది. "రేటు తగ్గేదాంక ఆగమని బాపు అన్నడా? అంటే తల ఊపు. అంతే. నేనేం అనను."

చత్రు చేతిలో కాయ అట్లాగే ఉంది. గుమ్మంలోంచి మంచం కనిపిస్తోంది. మోతీబాయి బిడ్డను చూడలేదు. బిడ్డ భుజం మీదుగా అరుగు వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే ఆయన తట్టుకునేవాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. బాగున్న ఎడమచెయ్యి నెమ్మదిగా ఎత్తి తన రొమ్ము మీద పెట్టుకుంది. నోరు తెరిచింది. గొంతులో ఎప్పటిలాగే కదిలింది, ఈసారి ఆగలేదు.

"నేనే" అన్నది.

దీప ఒక్క క్షణం నమ్మలేకపోయింది. తర్వాత అమ్మ ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుంది. అడిగిన ప్రశ్నా, అనుమానమూ, కనకయ్య చెప్పిందీ అన్నీ మరిచిపోయింది. "బాపూ, యాడి మాట్లాడింది. జల్ది రా, మాట్లాడింది" అని పిలిచింది.

చత్రు లేచి లోపలికి వెళ్లాడు. మంచం పక్కన నిలబడ్డాడు. దీప కళ్లు తుడుచుకుంటూ, నవ్వుతూ, బాపు కూడా వినాలని, మళ్లీ అను, ఇంకొక్కసారి అను అని బతిమాలుతోంది. మోతీబాయి మొగుడి ముఖంలోకి చూస్తూ మళ్లీ అదే మాట అన్నది. ఆ సాయంత్రం దాకా దీప ఎన్నిసార్లు అనిపించిందో లెక్కలేదు. ప్రతిసారీ చత్రు అక్కడే ఉన్నాడు. నోరు మెదపలేదు.